విజయనగరంలో 35 వేల సంపాదనకి ఇల్లు: అద్దె, ఫ్లాటు, స్థలం, పై అంతస్తు... ఏది కలిసొస్తుంది?

మా షాపులో బిల్లింగ్ చూసే కుర్రాడు మొన్న భోజనాల దగ్గర అడిగాడు. "మాస్టారూ, ఊళ్లో ఫ్లాటు తీసుకోమంటారా, డెంకాడ వైపు స్థలం తీసుకోమంటారా?" భార్యాభర్తలిద్దరి జీతాలూ కలిపితే వాళ్లింటికి నెలకి 35 వేలు వస్తాయి. పాప ఎల్‌కేజీ. వాళ్లమ్మ కూడా వాళ్ల దగ్గరే. బ్యాంకులో 4 లక్షలున్నాయి, 5 లక్షల చీటీ ఇంకో ఏడాదిలో చేతికొస్తుంది. ఇలాంటి లెక్కతో ఉన్నవాళ్లు దాసన్నపేటలోనో తోటపాలెంలోనో వీధికి పది మంది దొరుకుతారు.

నేను వెంటనే ఏమీ చెప్పలేదు. పెరుగన్నం అయ్యాక బిల్లు పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసి చూపించాను. ఆ లెక్కే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఇందులో ఇళ్ల ధరలు, అద్దెలు, కట్టుబడి ఖర్చులు నేను లెక్క కోసం అనుకున్నవి. మీ వీధిలో ఎంత నడుస్తోందో ఆ అంకె వేసుకుని చూడండి. పన్నులు, పథకాల అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఇచ్చాను.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇల్లు మనకి అందుతుందా లేదా అన్నది దాని ధర చూస్తే తెలీదు. అందులో దిగాక ప్రతి నెలా 28వ తారీకున జేబులో ఎంత మిగులుతుందో చూస్తే తెలుస్తుంది. కిస్తీ, మెయింటెనెన్స్, పెట్రోలు, స్కూలు ఆటో, మోటారు బిల్లు అన్నీ కలిపి ఒక కాగితం మీద వేసినప్పుడు, చౌక అనుకున్నవి కొన్ని ఖరీదు తేలతాయి. అసలు లెక్కలోకే రానిది ఒకటి ముందుకొస్తుంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అద్దె వాటా

రెండు గదులు, హాలు, వంటిల్లు ఉన్న వాటా అద్దె 8 వేలు అనుకుందాం. అడ్వాన్సు రెండు నెలలు, అగ్రిమెంటు 11 నెలలు, ఏడాదికోసారి ఓ ఐదు వందలు పెంపు. "అద్దె కట్టడమంటే డబ్బు నీళ్లలో పోయడమే" అని మన చుట్టాలంతా అంటారు. పెళ్లిళ్లలో కనిపిస్తే ముందు అడిగేదే "ఇంకా అద్దింట్లోనేనా?" అని. కానీ లెక్క అలా లేదు. 30 లక్షల ఫ్లాటుకి ఈ ఊళ్లో 8, 9 వేల అద్దె వస్తే గొప్ప. అంటే ఏడాదికి లక్ష. ఆ 30 లక్షల మీద మూడున్నర శాతం కూడా దాటదు. బ్యాంకు లోను వడ్డీ 8.5 శాతం అనుకుందాం. అద్దె తీసుకునేవాడి కంటే కట్టేవాడే లాభపడుతున్నట్టు, కనీసం కొన్నేళ్ల వరకు.

దీనికి ఒక షరతుంది. కిస్తీకీ అద్దెకీ మధ్య మిగిలే డబ్బు నిజంగా పక్కన పెట్టాలి. నెలకి 8 వేలు ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్‌లో) వేస్తే, 6.5 శాతం వడ్డీ లెక్కన, ఐదేళ్లకి సుమారు 5 లక్షల 65 వేలు అవుతుంది. అది వెయ్యకుండా కొత్త ఫోనూ, సోఫా సెట్టూ కొంటే చుట్టాలన్నది నిజమే అవుతుంది.

అద్దెకి దిగేముందు చూడాల్సినవి అందరికీ తెలిసినవే కాబట్టి ఒక్కటే చెబుతాను: మోటారు బిల్లు ఎలా పంచుతారో ముందే అడగండి. సబ్ మీటర్ లేని ఇంట్లో ఓనరుతో వచ్చే గొడవల్లో సగం అక్కడే పుడతాయి. ఇంకో మాట, ఇది లెక్కకి సంబంధించింది కాదు. మేము మూడు లాంతర్ల దగ్గర మేడ మీద వాటాలో మూడేళ్లున్నాం. దసరా తర్వాత వచ్చే మంగళవారం, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున, మా డాబా మీద యాభై మంది చుట్టాలు. అద్దె తక్కువే, కాఫీ పొడి ఖర్చే ఎక్కువ.

ఫ్లాటు

గుర్తు పెట్టుకోవాల్సిన అంకె ఒకటుంది. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోను తీసుకుంటే లక్షకి నెలకి 868 రూపాయలు కిస్తీ. 9 శాతమైతే 900. దీంతో మిగతా లెక్కంతా మీరే వేసుకోవచ్చు.

30 లక్షల ఫ్లాటు తీసుకుందాం. విలువలో 90 శాతం దాకా బ్యాంకు ఇవ్వొచ్చు, 30 లక్షల లోపు లోన్లకి రిజర్వ్ బ్యాంకు పెట్టిన హద్దు అది. కానీ ఇవ్వొచ్చు అన్నది వేరు, మీకిస్తుంది అన్నది వేరు. 35 వేల సంపాదనలో సగానికి మించి కిస్తీ పడేలా సాధారణంగా ఇవ్వరు. అంటే 17,500. దానికి వచ్చే లోను 20 లక్షలు. మిగతా 10 లక్షలు చేతిలోంచి పెట్టాలి. దాని మీద రిజిస్ట్రేషన్: స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 30 లక్షలకి అది 2 లక్షల 25 వేలు. దీనికి బ్యాంకు లోను రాదు. ఇల్లు 10 లక్షల లోపుదైతే తప్ప ఈ ఖర్చుని విలువలో కలపరు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. అడ్వాన్సు ఇచ్చేసి, లోను శాంక్షన్ చేయించుకుని, రిజిస్ట్రేషన్‌కి రెండు లక్షలు తక్కువైతే బంగారం తాకట్టు పెడతారు. తర్వాత రెండు కిస్తీలు కట్టాలి.

మా కుర్రాడి దగ్గర చీటీ వచ్చాక కూడా 9 లక్షలే. కావాల్సింది 12 లక్షల 25 వేలు, ఫ్యాన్లూ అల్మారాలూ కలపకుండానే. కాబట్టి 30 లక్షల కొత్త ఫ్లాటు వాళ్లకి అందదు. అందేలా చేస్తామని చెప్పే ఏజెంట్లు ఉంటారు. జీతం ఎక్కువ చూపిస్తామంటారు, పర్సనల్ లోను కలుపుతామంటారు. అలాంటివాళ్ల టీ కూడా తాగొద్దు.

పదేళ్ల నాటి ఫ్లాటు సెకండ్ హ్యాండ్‌లో 23 లక్షలకి దొరికిందనుకోండి. రిజిస్ట్రేషన్ లక్షా 72 వేలు. 8 లక్షలు చేతిలోవి పెడితే లోను 16 లక్షల 70 వేలు, కిస్తీ 14,500. మెయింటెనెన్స్ ఓ పదిహేను వందలు. నెలకి 16 వేలు. 35 వేలల్లో 19 వేలు మిగులుతాయి. కష్టమే కానీ ఊపిరాడుతుంది. ఇంకో లాభం, కట్టడం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్న ఇంటికి జీఎస్టీ లేదు. కడుతున్న ఫ్లాటుకి ఉంది. మన ఊళ్లాంటి మెట్రో కాని చోట 45 లక్షల లోపు, 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా (ఇంటి లోపలి నేల) లోపు ఇల్లయితే 1 శాతం, అది దాటితే 5.

పాత ఫ్లాటు చూడటానికి వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. 1,100 చదరపు అడుగులని చెప్పినదాంట్లో గోడలు, మెట్లు, లిఫ్టు వాటా అన్నీ కలిపేసి ఉంటాయి. లోపల మంచం వేసుకోగలిగే జాగా 800 దగ్గర తేలొచ్చు. బాత్రూం కింది ఫ్లాటు వాళ్లింటికి వెళ్లి వాళ్ల సీలింగ్ చూసి రండి. ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. తడి మచ్చ ఉంటే ఆ లీకేజీ గొడవని కూడా మీరు కొనుక్కుంటున్నట్టే. ఇక భూమిలో వాటా, అంటే అన్‌డివైడెడ్ షేర్ ఎన్ని గజాలో దస్తావేజులో రాసి ఉందా లేదా చూడండి. రేపు ఇరవై, ముప్పై ఏళ్లకి బిల్డింగ్ పాతబడితే మిగిలేది ఆ గజాలే.

లోను, వడ్డీ రాయితీ

ఇది ఫ్లాటుకీ, కట్టుకునే ఇంటికీ రెంటికీ వర్తిస్తుంది కాబట్టి విడిగా చెబుతున్నాను. 2024 సెప్టెంబరు నుంచి నడుస్తున్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0లో వడ్డీ రాయితీ ఉంది. ఏడాది ఆదాయం 9 లక్షల లోపు ఉండాలి. ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు దాటకూడదు. అందులో మొదటి 8 లక్షల మీద 12 ఏళ్ల కాలానికి 4 శాతం రాయితీ. మొత్తం మీద గరిష్ఠంగా లక్షా 80 వేలు, ఐదు వార్షిక వాయిదాల్లో లోను ఖాతాలోకే పడుతుంది. అంటే ఐదేళ్ల పాటు నెలకి సుమారు 3 వేలు తగ్గినట్టు. దేశంలో ఎక్కడా కుటుంబంలో ఎవరి పేరు మీదా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ప్రభుత్వ గృహ పథకం ఏదీ పొంది ఉండకూడదు. సొంతూళ్లో మీ పేర ఒక డాబా ఇల్లుంటే ఇది రాదు. ఈ విషయం దాచి అప్లై చేస్తే ఆధార్‌తో దొరికిపోతారు.

"లోను తీసుకుంటే టాక్స్ కలిసొస్తుంది" అన్న మాట పాతబడింది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్నే లేదు. 35 వేల కుటుంబానికి కలిసొచ్చేది సున్నా.

వడ్డీ మారుతూ ఉంటుందని కూడా మర్చిపోకూడదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు మిగతా బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. చాలామందికి కిస్తీ మారలేదు, లోను గడువే ఏళ్లకేళ్లు సాగిపోయింది. వాళ్లు స్టేట్‌మెంట్ తీసి చూసుకునేదాకా ఆ సంగతే తెలీదు. ఇది జరక్కుండా ఉండాలంటే బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కొంత కట్టండి. మారే వడ్డీ ఇంటి లోనుకి ముందుగా కట్టినందుకు ఎవరూ జరిమానా వెయ్యకూడదు.

స్థలం కొని తర్వాత కట్టుకోవడం

ఇక అందరి మనసూ లాగే దారి. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం పనులు మొదలైనప్పటి నుంచి మన ఊరికీ హైవేకీ మధ్య బోర్డు లేని పొలం కనిపించడం తగ్గింది. "ఎయిర్‌పోర్టు వచ్చేస్తంది బాబూ, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడు కొంటారు?" ఈ మాట వినని మధ్యతరగతి మనిషి జిల్లాలో లేడు.

నేనూ విన్నాను, నమ్మాను. 20 వేలు బయానా కూడా ఇచ్చాను. దసరా ముందు ఎండలో వెళ్లి చూశాం. సున్నం వేసిన సరిహద్దు రాళ్లు, ఎర్రమట్టి రోడ్డు, గేటు దగ్గర అరటి మొక్కలు. కరపత్రంలో 30 అడుగుల రోడ్డు, పార్కు. మా ఆవిడకి ఎందుకో నచ్చలేదు, వాన పడ్డాక ఇంకోసారి చూద్దామంది. అక్టోబరులో మూడు రోజులు వాన పట్టింది. నాలుగో రోజు వెళ్తే మా రాయి కనిపించలేదు. మోకాలి లోతు నీళ్లు, ఆ నీళ్లు నిలిచి లేవు, పారుతున్నాయి. గట్టు మీద గేదెల్ని తోలుకొస్తున్న ముసలాయన మమ్మల్ని చూసి నవ్వాడు. "ఇది గెడ్డ కదా బాబూ. మా తాత కాలం నుంచీ నీరు ఇలాగే ఎల్తది." గెడ్డ అంటే వాగు. తర్వాత సర్వే నంబరుతో ఎఫ్ఎంబీ (ప్రభుత్వ సర్వే కొలతల) పటం తీయిస్తే అందులో గెడ్డ గీత స్పష్టంగా ఉంది. పార్కు అని చూపించింది దాని మీదే. బయానా తిరిగి రాలేదు. మా ఆవిడ ఇప్పటికీ ఆ 20 వేలని "గెడ్డ డబ్బు" అంటుంది.

సరే, మంచి స్థలమే దొరికిందనుకుందాం. ఊరికి 14 కిలోమీటర్ల దూరంలో 150 గజాలు, గజం 8 వేలు. 12 లక్షలు, రిజిస్ట్రేషన్ 90 వేలు. ఖాళీ స్థలానికి బ్యాంకు తక్కువ శాతం ఇస్తుంది, వడ్డీ కాస్త ఎక్కువ. అది కట్టినన్నాళ్లూ మీరు అద్దింట్లోనే ఉంటారు. అంటే కిస్తీ, అద్దె రెండూ. కట్టడం మొదలుపెడితే 900 చదరపు అడుగులకి, అడుగు 2 వేల చొప్పున 18 లక్షలు. బోరు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, ప్లాను, కరెంటు సర్వీసు కలిపి ఇంకో 2 లక్షలు. మొత్తం 33 లక్షలు. చవకని వెళ్లిన దారి ఊళ్లో కొత్త ఫ్లాటుని దాటేసింది.

అక్కడికి మారాక రోజూ ఖర్చు. 28 కిలోమీటర్లు, నెలకి 26 రోజులు, లీటరుకి 48 కిలోమీటర్లు ఇచ్చే బండి, పెట్రోలు లీటరు 110 అనుకుందాం. నెలకి దాదాపు 1,700. పాప స్కూలు బస్సు వేరు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకి టికెట్ లేదు కాబట్టి కోడలికీ అత్తగారికీ ఛార్జీ మిగులుతుంది. అది నిజమైన ఊరట, ఊరి చివర ఇళ్ల లెక్కని ఆ పథకం కొంత మార్చింది కూడా. కానీ మా షాపు మూసేసరికి రాత్రి తొమ్మిదిన్నర. ఆ టైముకి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడ్డవాడికి ఈ లెక్క వేరేలా కనిపిస్తుంది.

మరి స్థలం ఎవరికి మంచిది? రెండు మూడేళ్లలో కట్టి తీరతామనే గట్టి ఏర్పాటు ఉన్నవాళ్లకి. నెల్లిమర్లలోనో భోగాపురం వైపో పని ఉన్నవాళ్లకి. దశలవారీగా కట్టుకునే ఓపిక ఉన్నవాళ్లకి కూడా. ముందు రెండు గదులు వేసి దిగిపోయి, నాలుగేళ్లకి ఇంకో గది వేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఫ్లాటుకి లేని సౌకర్యం అది. ఊరికే "పెరుగుతుంది" అని కొనేవాళ్ల సంగతి ఈ వ్యాసంలో మాట్లాడను. అది ఇల్లు కాదు, వ్యాపారం.

పై అంతస్తు

నేను ముందు చెప్పిన, ఎవరి లెక్కలోకీ రానిది ఇదే. మా కుర్రాడి నాన్నగారు 2006లో కట్టిన ఇల్లు ఇదే ఊళ్లో ఉంది. కింద వాళ్ల అన్నయ్య కుటుంబం ఉంటోంది. డాబా పైన టీవీ యాంటెన్నా కర్ర, ఎండు మిరపకాయలు తప్ప ఏమీ లేవు. "పైన వేసుకోవచ్చు కదయ్యా" అంటే అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి చూశాడు. ఆ ఆలోచనే రాలేదట.

లెక్క చూడండి. 700 చదరపు అడుగులు, అడుగు 1,700 చొప్పున సుమారు 12 లక్షలు. భూమి ఖర్చు లేదు, పునాది లేదు, బోరు ఉంది, కుళాయి ఉంది, 7.5 శాతం అమ్మకం రిజిస్ట్రేషన్ లేదు. చేతిలోవి 3 లక్షలు పెట్టి 9 లక్షలు లోను తీసుకుంటే కిస్తీ 7,800. ఇప్పుడు కడుతున్న అద్దె ఎంతో అంతే! స్కూలు మారక్కర్లేదు, షాపుకి నడిచి రావొచ్చు. ఇంకా 6 లక్షలు చేతిలోనే ఉంటాయి. ప్రభుత్వ ఇల్లు పక్కన పెడితే, సొంతింటి దారుల్లో నెల చివర ఎక్కువ మిగిల్చేది ఇదే, పైగా తేడా తక్కువేమీ కాదు.

ఇందులో రెండు చిక్కులున్నాయి. రెండూ పెద్దవే.

మొదటిది, ఇల్లు మోస్తుందా అన్నది. డాబా మీదికెక్కి మూలలు చూడండి. పిల్లర్ల చువ్వలు పైకి వదిలి ఉంటే ఆనాడు కట్టినవాళ్లు పై అంతస్తు ఆలోచనతోనే కట్టారని అర్థం. చువ్వలు లేకుండా గోడల మీదే శ్లాబ్ కూర్చుని ఉంటే అది వేరే కథ, తేలిక కప్పుతో ఒక గది తప్ప ఆశ పెట్టుకోవద్దు. ఇది తాపీ మేస్త్రీ మాట మీద తేల్చేది కాదు. "ఏం పర్లేదండీ, రెండంతస్తులు వేసినా కదలదు" అని ప్రతి మేస్త్రీ అంటాడు, పని కావాలి కదా. కొన్ని వేలు ఇచ్చి స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలవండి. మావాడి ఇంటికి వచ్చినాయన చువ్వల చుట్టూ కట్టిన పాలిథీన్ సంచి విప్పి, తుప్పు గీకి, స్కేలు పెట్టి కొలిచాడు. పన్నెండు మిల్లీమీటర్ల చువ్వ ఒకటి తొమ్మిదికి తగ్గింది. ఆ ఒక్క పిల్లరు దగ్గర కాంక్రీటు కొట్టించి, మంచి ఇనుము దొరికేదాకా కిందికి వెళ్లి కొత్త చువ్వ కలపాలన్నాడు. తర్వాత పునాది దగ్గర ఒక గుంత తవ్వించి ఫుటింగ్ (పిల్లరు కింద ఉండే కాంక్రీటు అడుగు) చూశాడు. ఇంత చేసినాయన మాట నమ్మొచ్చు.

రెండోది, ఇంట్లో మనుషులు. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉంటే బ్యాంకు ఆయన్ని కూడా లోనులో కలపమంటుంది. ఆయన స్వార్జితమైతే పైభాగం మీ పేర గిఫ్టుగానో సెటిల్‌మెంటుగానో రాసివ్వొచ్చు. కుటుంబంలో రాసుకునే ఈ దస్తావేజులకి అమ్మకం దస్తావేజు కంటే స్టాంపు డ్యూటీ తక్కువ. పిత్రార్జితమైతే అన్నదమ్ములతో పాటు అక్కచెల్లెళ్లకీ సమాన వాటా ఉంది, 2005 చట్ట సవరణ తర్వాత ఇందులో సందేహమే లేదు. అందరూ కూర్చుని, రాసుకుని, రిజిస్టర్ చేయించుకున్నాకే ఇసుక తోలించండి. "మనవాళ్లే కదా, తర్వాత చూసుకుందాం" అనుకుని 12 లక్షలు పోసి, ఇప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతున్న అన్నదమ్ములు మా వీధిలోనే ఉన్నారు. కాగితం అడిగితే ప్రేమ తగ్గుతుందని భయపడతారు. కాగితం లేకపోతే అసలు మాటలే ఉండవు.

మెట్లు బయట నుంచి వేసుకోండి, కరెంటు మీటరు వేరుగా తీసుకోండి. యూనిట్లు రెండు మీటర్లకీ విడిపోతే ఇద్దరూ తక్కువ స్లాబులో ఉంటారు. తోడికోడళ్ల మధ్య బిల్లు పంచాయితీ ఉండదు.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. పట్టణాల్లో ఇళ్లు అందరికీ అందాలంటే ఊరి బయట వేల స్థలాలు పంచడమే మార్గం అన్నట్టు మాట్లాడతాం. మన పక్కనే గుంకలాం ఉంది. 2020 డిసెంబరు 30న అక్కడ పట్టాల పంపిణీ మొదలైంది, ఒక్కచోటే 12 వేలకు పైగా స్థలాలు. అంత పెద్ద ఊరికి రోడ్డు, కాలువ, నీళ్లు, బస్సు, బడి, రేషను షాపు అన్నీ మొదటి నుంచి వెయ్యాలి. అదే ఊళ్లో ఉన్న డాబాల మీద ఒక్కో అంతస్తు లేస్తే రోడ్డూ కాలువా ఉన్నవే. అందులో కొన్ని అద్దెకి వస్తాయి, అద్దెలు అదుపులో ఉంటాయి. విజయనగరంలో మాలాంటి వాళ్లకి ఇన్నాళ్లూ నీడనిచ్చింది ఏ పథకమూ కాదు, మేడ మీద వాటాలే. పై అంతస్తు ప్లాను తొందరగా ఇవ్వడం, చిన్న లోను సులువుగా ఇవ్వడం, ఈ రెండూ జరిగితే అంతకంటే చవకైన గృహ పథకం ఉండదని నా నమ్మకం. అయితే ఉన్న కాలువ మీదే భారం పడుతుందన్నది నిజం. దాసన్నపేటలో వాన పడ్డ రోజు చూసినవాళ్లు నాతో వాదించవచ్చు.

ప్రభుత్వ ఇల్లు

అర్హత ఉంటే తప్పకుండా ప్రయత్నించండి. కానీ దాని కోసం చేతులు కట్టుకుని కూర్చోవద్దు.

రెండు రకాలున్నాయి. ఒకటి ప్రభుత్వ సంస్థ టిడ్కో పట్టణ పేదల కోసం కట్టిన అపార్ట్‌మెంట్లు, మన దగ్గర సోనియానగర్, సారిపల్లి వైపు కట్టినవి. 300, 365, 430 చదరపు అడుగులు. 300 వాటిని గత ప్రభుత్వం రూపాయికే ఇస్తామంది. మిగతా రెండు రకాలకీ లబ్ధిదారు వాటా పోను బ్యాంకు లోను ఉంటుంది, 365కి 3 లక్షల 15 వేలు, 430కి 3 లక్షల 65 వేలు. ఆ లెక్కన కిస్తీ మూడు వేల చుట్టుపక్కల, ఏ అద్దె కంటే చూసినా తక్కువే. గోడలు ఇటుకవి కావు, మొత్తం కాంక్రీటు పోత. దృఢంగా ఉంటాయి కానీ మేకు దిగదు, గోడ కొట్టి గది కలుపుకుందామంటే కుదరదు. అవే బిల్డింగుని నిలబెట్టేవి. అత్తగారు, పాప, మీరిద్దరూ 365లో సర్దుకోగలరా అన్నది వెళ్లి ఆ గదిలో నిలబడి చూసుకోవాల్సిందే.

రెండోది స్థలం ఇచ్చి కట్టుకోమనేది. అప్పట్లో పట్టణాల్లో ఒక సెంటు ఇచ్చారు, అంటే 48 గజాలు. ఇప్పటి ప్రభుత్వం పట్టణాల్లో రెండు, పల్లెల్లో మూడు సెంట్లు అంటోంది. ఆవాస్ యోజన 2.0లో సొంత స్థలంలో కట్టుకునే పేద కుటుంబానికి కేంద్ర, రాష్ట్రాల వాటా కలిపి 2 లక్షల 50 వేలు. ఏడాది ఆదాయం 3 లక్షల లోపు ఉండాలి కాబట్టి 35 వేల కుటుంబం ఇందులోకి రాదు. వాళ్ల పనిమనిషి వస్తుంది. ఆవిడకి చెప్పండి, వార్డు సచివాలయానికి తోడు వెళ్లండి. చాలామందికి కాగితాలు పూర్తి చెయ్యడం రాకే ఆగిపోతోంది.

ఒక హెచ్చరిక. పట్టా పొందినవాళ్ల దగ్గర నోటు రాయించుకుని తక్కువకి ఇప్పిస్తామని దళారులు తిరుగుతుంటారు. వాటిని గడువు తీరేదాకా అమ్మే హక్కు పట్టా ఉన్నవాళ్లకే లేదు, మీకెలా వస్తుంది?

కాగితాలు

స్థలమైనా ఫ్లాటైనా బయానాకి ముందు చూడాల్సినవి. లేఅవుట్‌కి పట్టణాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చిన ఎల్‌పీ నంబరు (ఆమోదం నంబరు) అడగండి, "అప్లై చేశాం" అంటే లేదనే అర్థం. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ఆ ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) రిజిస్టర్ అయి ఉండాలి. రెరా ప్రాజెక్టులో అగ్రిమెంటు రిజిస్టర్ చెయ్యకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు అడగడానికి వీల్లేదు. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) కనీసం 30 ఏళ్లకి తీయించండి, లింకు దస్తావేజులన్నీ దానితో సరిపోల్చండి. అడంగల్, 1-బి అనే భూమి రికార్డులు మీభూమి వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే చూడొచ్చు. సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి. మన చుట్టుపక్కల విజయనగరం రాజుల మాన్సాస్ ట్రస్టు భూములు, దేవస్థానం భూములు, ప్రభుత్వం పేదలకి పంచిన డీ పట్టా భూములు, చెరువు గర్భాలు చాలా ఉన్నాయి. ఇవి సగం ధరకి అమ్మకానికొస్తే సంతోషించకండి. లాయరుకి ఇచ్చే ఐదారు వేలు, నా గెడ్డ డబ్బుతో పోలిస్తే ఏపాటి?

మా కుర్రాడు ప్రస్తుతానికి పైన వేసుకోవడానికే మొగ్గుతున్నాడు. వాళ్ల అక్క సంక్రాంతికి వచ్చినప్పుడు అందరూ కూర్చుని మాట్లాడుకుంటారట. ఆవిడ కాదంటే 23 లక్షల పాత ఫ్లాటు రెండోది. స్థలం మాట మళ్లీ ఎత్తలేదు. వాళ్లావిడకి మాత్రం ఇంకా స్థలం మీదే మనసు ఉందని విన్నాను.

ఇళ్లు, స్థలాలు చూడటానికి ఆషాఢం మంచిది. శూన్యమాసమని ఎవరూ కొనరు, ఓనరు ఖాళీగా ఉంటాడు, బేరానికి దిగొస్తాడు. పైగా వాన పడుతూ ఉంటుంది కాబట్టి శ్లాబు ఎక్కడ కారుతోందో, నీళ్లు ఎటు పారుతున్నాయో అడగక్కర్లేకుండా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ శ్రావణంలో పెట్టుకోవచ్చు.